నడికట్టు

“తలుపు తియ్యి బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, జెర తియ్యి.”

లోపల చాప కదిలిన చప్పుడైంది.

ఆండాళు తలుపుకు చెవి ఆనించింది. ముందరింట్లో మగ్గం ఆడుతోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపే ఆమెకు మాట్లాడే వీలు. అక్కడ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని మొగుడు సీతారాములు నేస్తున్నాడు. అతనికి బారెడు దూరంలో మంచం మీద కొడుకు నరహరి వెల్లకిలా పడుకొని ఉన్నాడు. నిన్న నల్గొండ పోయి డయాలసిస్ చేయించుకొని వచ్చాడు. రక్తం కడిగించుకున్న మరునాడు వాడికి తల ఎత్తే ఓపిక ఉండదు. చెవులు మాత్రం పాము చెవులు.

“నిన్న పొద్దుగాల సంది తానం లేదు, బువ్వ లేదు. ఒళ్లు కాలుతాందా? గదన్న చెప్పు.”

“కాలుతలేదు. నువ్వు పో.”

“మరి గా వాసనేందే స్వర్ణా?”

మగ్గం ఆగింది.

ఆండాళు తలుపు మీద చెయ్యి అట్లాగే ఉంచి నిలబడింది. పోగు తెగి ఉంటుంది. మొగుడు దాన్ని అతికేదాకా ఊపిరి తీయడానికి కూడా భయమే. బయట ముసురు. మోత్కూరు మీద మబ్బు కమ్మి నెల కావస్తోంది. నడుమ నాలుగు దినాలు కూడా ఎండ మొహం చూడలేదు. చూరు నీళ్లు వాకిట్లో బొట్టు బొట్టుగా పడుతున్నాయి.

మగ్గం మీద నాడె మళ్లీ అటూ ఇటూ ఆడింది.

“సోమారం పట్నం పోవాలె” అంది ఆండాళు గొంతు తగ్గించి. “బుధారం ఆపరేషన్. ఇయ్యాల శుక్రారం. నువ్వు గిట్ల గడియ పెట్టుకొని కూసుంటే నేనేం గావాలె?”

“గా సోమారం కోసమే పెట్టుకున్న. తీస్తే నువ్వు సూస్తవ్. సూస్తే ఏడుస్తవ్. నువ్వు ఏడిస్తే బాపు మగ్గం దిగుతడు. బాపు దిగితే తమ్మి లేస్తడు.”

“ఏడ్వ. ఒట్టు.”

“నీ ఒట్లు నాకెర్క లేదా?”

అన్నది గాని, కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

స్వర్ణలతకు ముప్పై ఎనిమిదేళ్లు. మాఘమాసంలో దవాఖాన కాంటా మీద నిలబడితే నూటపన్నెండు కిలోలు తూగింది. ఇప్పుడు డెబ్భై తొమ్మిది. తమ్ముడికి ఒక కిడ్నీ ఇవ్వాలంటే ఆ బరువు దిగక తప్పదన్నారు. తండ్రికి వయసు దాటింది, తల్లికి షుగరు. ఇంట్లో కిడ్నీ కలిసింది అక్క ఒక్కతిదే.

డాక్టరు పది నెలల గడువు పెట్టాడు. నెలకు మూడు కిలోల కంటే ఎక్కువ దిగొద్దన్నాడు. పప్పు, గుడ్డు, పెరుగు మానొద్దన్నాడు. రోజూ కొంత బరువులెత్తి కండ నిలుపుకొమ్మన్నాడు, లేకుంటే తోలు వదులై వేలాడుతుందన్నాడు. అన్నీ చెప్పాడు గాని నరహరి పది నెలలు ఆగుతాడా లేదా అన్నది చెప్పలేదు. ఆ చెప్పని మాటే స్వర్ణలత చెవిలో ఉండిపోయింది. గుడ్డు మానింది, పప్పు మానింది. పుట్టింట్లోనే ఉండి రెండు పూటలా గ్లాసెడు అంబలి తాగి ఆరు నెలల్లోపలే ముప్పై మూడు కిలోలు దిగింది.

మనిషి దిగింది గాని తోలు దిగలేదు. పొట్ట కింద మడతలు పడి జారింది. జబ్బల కింద సంచుల్లా ఊగింది. తలంటు పోస్తూ ఆండాళు అది చూసిన నాడు ఆమె చేతిలో చెంబు జారి పడింది.

ఇప్పుడు ఆమె లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది. గంజి కింద ఇంకో వాసన కూడా ఉంది. దానికి పేరు పెట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“పండు. కొంగు తియ్యి.”

స్వర్ణలత చాప మీద పడుకొని మొహం గోడ వైపు తిప్పుకుంది.

బాలింతకు నడుము చుట్టూ బట్ట బిగించి నడికట్టు కడతారు. ఆండాళుకు రెండు కాన్పుల్లోనూ ఆమె తల్లి కట్టింది. పొట్ట అణిగింది. కాన్పు పొట్టను అణిచింది కొవ్వు కరిగిన పొట్టను అణచదా అనుకుంది ఆండాళు. ఇరవై దినాల కింద మొగుడి పాత ధోవతి నిలువుగా చింపింది. మగ్గం మీది పడుగు నూలుకు పెట్టే గంజి చిక్కగా కాచి, బట్టను అందులో ముంచి, బిడ్డ పొట్టకు చుట్టింది. గంజి పట్టిన పోగు బిర్రుగా నిలబడుతుంది. తోలు కూడా నిలబడకపోతుందా? దినం దినం మళ్లీ కొంచెం గంజి పూసి ఇంకాస్త బిగించింది. ఊడదీయొద్దు, ఊడదీస్తే చేసిందంతా దండుగ అని బిడ్డకు గట్టిగా చెప్పింది.

పై చుట్లు వచ్చాయి. లోపలి చుట్టు రాలేదు. చర్మానికి అంటుకుపోయి ఉంది.

ఆండాళు గోరువెచ్చని నీళ్లు తెచ్చి కొద్దికొద్దిగా పోసి నాననిచ్చింది. బట్ట లేస్తుంటే స్వర్ణలత కాలి వేళ్లు ముడుచుకుపోయాయి. నోటి నుంచి మాత్రం చిన్న మూలుగు కూడా రాలేదు. ముందరింట్లో నాడె అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది.

పొట్ట మడత కింద ఈ పక్క నుంచి ఆ పక్క దాకా తోలు చెడి ఎర్రగా పచ్చిగా ఉంది. నడుమ ఒకచోట చీము పట్టింది.

ఒట్టు వేసిన మనిషి ఏడవలేదు. కొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది.

కొంగు నోట్లోంచి తీసి అడిగింది. “ఎన్నడు మొదలైందే?”

“దురద పది దినాల సంది. మంట మొన్నటి సంది.”

“దురదని నాతోని అంటివి.”

“అంటి.”

“కొత్త కట్టు, గట్లనే ఉంటది, ఓర్సుకో అంటి నేను.”

“అంటివి.”

ఆండాళు ఊడిన పేలికను నేల మీద ఒక పక్కకు నెట్టింది.

“పౌడరు సల్లు” అంది స్వర్ణలత. “మెత్తటి బట్ట ఏసి కట్టు. సోమారం దాక ఎట్లనో ఒకట్ల ఎల్లదీస్త.”

“డాక్టరు సూడడా?”

“సూసేదాక పోనియ్యి. ముందుగాల ఆడికి పోదాం. ఇంటికాడ్నే ఆగిపోతే తమ్మి మల్ల లేస్తడా?”

ఆండాళు పౌడరు డబ్బా తీసింది. మూత తిప్పబోయి ఆగిపోయింది.

“అమ్మా, నిజం చెప్పు. గీ కట్టు ఎందుకు కట్టినవ్? నీ అల్లుడు సూస్తడనే కదా?”

అల్లుడు గుర్వయ్య భీవండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు. పెళ్లాం కిడ్నీ ఇవ్వడానికి తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టి పోయాడు. ఆదివారం దిగుతాడు. అయిదు నెలలుగా పెళ్లాన్ని కళ్లతో చూడలేదు.

ఆండాళు డబ్బా పక్కన పెట్టి లేచింది.

“అరుణమ్మను పిల్సుకొస్త.”

“ఒద్దే! ఆమె నోరు డప్పు.”

“డప్పయితే డప్పాయె. ఆమెకు పుండ్ల సంగతి ఎర్క.”

అరుణమ్మ ఆ వాడకట్టుకు ఆశా కార్యకర్త. గర్భిణుల దగ్గర్నుంచి ముసలివాళ్ల బీపీ దాకా ఆమె నోటు పుస్తకంలో లేనివాళ్లు లేరు. పెరటి దారిన రమ్మంటే గొణుక్కుంటూ వచ్చింది.

“పెరటి దారేందమ్మా, నేనేమన్న కోళ్లను పట్టనీకి వచ్చిన్నా? ఏదీ, ఏమైంది పిల్లకు?”

గొడుగు గోడకు ఆనించి చాప పక్కన గొంతుక్కూర్చుంది. గంజి బట్టను చూసింది. ముక్కు చిట్లించింది.

“నడికట్టు కట్టిండ్రా! ఎన్నో కాన్పు పిల్లా ఇది? నాకొక్క మాటన్న చెప్పకపోతివి, పేరు రాసుకుందును.”

స్వర్ణలతకు నవ్వు వచ్చింది. నవ్వితే పొట్ట కదిలి మంట లేచింది. “నవ్వియ్యకు అరుణక్కా” అని కళ్లు గట్టిగా మూసుకుంది.

మడత ఎత్తి చూశాక అరుణమ్మ నోట్లో పరాచికం ఇంకిపోయింది. వేళ్ల వెనక భాగంతో పొట్ట మీద ఒత్తి చూసింది. నుదురు ముట్టుకొని చూసింది.

“జెరంత జరం ఉన్నది.”

“లేదు” అంది స్వర్ణలత.

“నీ నుదురు చెప్తాంది గాని నువ్వు ఊకో. గుడ్డు తిను, పప్పు తిను, నీళ్ల బిందెలు ఎత్తు అని నేనెన్నిసార్లు చెప్పిన? మెల్లగ తగ్గితే తోలు సుత ఎనకెనకే దగ్గరికొస్తది. నువ్వు ఉపాసముండి నీ కొవ్వు నువ్వే తిన్నవ్, నీ కండ నువ్వే తిన్నవ్. ఇగ గా తోలు దేన్ని పట్టుకొని ఉండాలె?”

“గది ఎనకటి మాట. ఇప్పుడు మందు చెప్పు.”

“మందు దవాఖానల ఉంటది, నా సంచిల ఉండదు. ఎంత మెల్లగ తగ్గినా గంత బరువు దిగినంక కొంత ఏలాడుతది. ఏలాడనియ్యి. దానికి కట్టేంది, గంజేంది? గాలాడక, తడి ఆరక కుళ్లింది. ఇగ బట్ట అంటియ్యకుండ్రి. ఇయ్యాలనే పోయి సూపెట్టుండ్రి.”

“సోమారానికి మానుతదా?” ఆండాళు అడిగింది.

“సోమారమా? మాలచ్చిమి, గిది పక్షం దినాలకు మానితే గొప్ప. చీము పెట్టుకొని ఉన్న మనిషిని ఏ డాక్టరు కోస్తడు? కోస్తే ఈమెకు పానం మీదికొస్తది, గా పోరనికి సుత విషమెక్కుతది.”

“మెల్లగ మాట్లాడవే తల్లీ.”

“ఎందుకు మెల్లగ? మగ్గం ఆడుతలేదు గదా.”

అప్పుడు విన్నది ఆండాళు. మగ్గం ఎప్పుడో ఆగింది.

సీతారాములు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాల, చేతిలో తెగిన పోగు. నేసేవాడి ముక్కుకు గంజి ఏ గదిలో పులిసినా తెలుస్తుంది. స్వర్ణలత గబగబా కొంగు లాక్కుంది. అతను బిడ్డ వైపు చూడలేదు. నేల మీద ఉన్న ధోవతి పేలికను చూశాడు. వంగి తీశాడు. వేళ్ల మధ్య నలిపాడు.

“గంజి పెట్టినవా?”

ఆండాళు తల దించుకుంది.

“ఎప్పుడు పెట్టినవ్?”

“ఇరవై దినాలాయె.”

“గీ ముసురుల.”

ఆమె నీళ్ల చెంబును పక్కకు జరిపింది.

“ముసురు పట్టినప్పుడు పడుగుకే గంజి పెట్టం. ఆరదు, పులుస్తది, పోగు కుళ్లుతదని. నలభై ఏండ్ల సంది నా ఎంబడి గంజి కాస్తున్నవ్. నూలు మీద ఉన్న తెలివి బిడ్డ మీద లేకపాయె.”

మాట గట్టిగా కూడా అనలేదతను. గట్టిగా అంటే ఆండాళు ఎదురు మాట్లాడేది. 

“అమ్మ ఒక్కదాన్నే అనకు బాపు” అంది స్వర్ణలత. “ఇంకా బిర్రుగ కట్టమన్నది నేను సుత. అద్దంల సూసుకుంటే నాకే భయమైంది.”

“ఊకో బిడ్డా” అన్నాడు సీతారాములు.

“అల్లుని కోసం గాదు” అంది ఆండాళు హఠాత్తుగా. ఎవరిని చూసి అన్నదో తెలియదు. “అల్లుడు ఏమన్న అనుకోనియ్యి. తమ్మునికి ఇయ్యమని దీన్ని అడిగింది నేను. వాడు అడగలే, మీరు అడగలే. అన్నం తింటున్న బిడ్డ ముంగట కూసోని నేనే అడిగిన. అడిగిన పొద్దటి సంది అది అన్నం తినలే. నా కొడుకు కోసం దాని ఒళ్లు గట్ల సంచి తీరుగ అయితే నేను సూడలేకపోయిన. దాని ఒళ్లు దానికి మల్ల మంచిగ చేసియ్యాలనుకున్న. గంతే.”

అరుణమ్మ గొడుగు తీసుకుంది. ఇంత నోరున్న మనిషికి కూడా అక్కడ నిలబడ బుద్ధి కాలేదు.

“నేను పోతున్న అక్కా. ఎవలకు చెప్ప. గాని నన్ను ఎవలన్న అడిగితే లేదనను. గది మాత్రం యాది పెట్టుకో.”

ఆమె పోయాక సీతారాములు పెరటి తలుపు దగ్గరికి వేశాడు.

“దవాఖానకు ఫోన్ చేసి చెప్పాలె” అన్నాడు సీతారాములు.

“చెప్తే ఆపుతరు” అంది ఆండాళు.

“ఆపుతరు.”

“ఆపితే మల్ల తారీకు ఎప్పుడిస్తరో? మొన్న నల్గొండల నర్సమ్మ ఏమన్నది? గుండె చుట్టు నీరు చేరుతాందనలే? మీరు సుత విన్నరు గదా.”

“విన్న.”

“మరి?”

సీతారాములు పేలికను మడిచాడు. మళ్లీ విప్పాడు.

“చెప్పుండ్రి! మాట్లాడరేంది? నన్ను అననీకి నోరొచ్చింది. ఇప్పుడు ఏం చెయ్యాలెనో చెప్పుండ్రి. కొడుకునా, బిడ్డనా? మీరు ఏది చెప్తె గదే చేస్త.”

అతను గోడకు వీపు ఆనించి మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. తువ్వాలతో మొహం తుడుచుకొని, తువ్వాలను మొహం మీదే ఉంచుకున్నాడు.

పెళ్లయిన నాటి నుంచి అంతే. నోరు విప్పాల్సిన చోట ఈ మనిషి గోడ అయిపోతాడు. బరువంతా ఆడదాని నెత్తికి వస్తుంది. ఆండాళుకు అతని మీద కోపం రావాలి. రాలేదు. మొహం తువ్వాలలో ఉంది గాని భుజాలు కదులుతున్నాయి.

అప్పుడే ఫోన్ మోగింది.

అది స్వర్ణలత ఫోన్. కిటికీలో ఉంది. ఆండాళు చేతిలోకి తీసుకుంది. పేరు చదవడం ఆమెకు రాదు. తెర బిడ్డ వైపు తిప్పింది.

“దవాఖాన” అంది స్వర్ణలత. లేవబోయి, మంటకు మళ్లీ చాప మీద ఒరిగింది. “ఎత్తు అమ్మా. ఎత్తకుంటే అనుమానం పడుతరు.”

ఆండాళుకు ఫోన్లో మాట సరిగా వినపడదు. అందుకని పెద్దగా వినపడే మీట నొక్కింది. ఆడపిల్ల గొంతు గదంతా నిండింది.

“స్వర్ణలత గారేనా అండీ?”

“నేను తల్లిని. బిడ్డ తానం చేస్తాంది. నాకు చెప్పమ్మా.”

“సోమవారం ఉదయం తొమ్మిదికల్లా వచ్చేయాలమ్మా. డాక్టరు గారు ఈ పూట అన్ని కాగితాలూ చూసుకుంటున్నారు. నాలుగు ప్రశ్నలు అడగాలి, చెప్తారా?”

“అడుగు బిడ్డా.”

“దగ్గు, జలుబు ఏమన్నా?”

“లేవు.”

“జ్వరం?”

ఆండాళు స్వర్ణలతను చూసింది. స్వర్ణలత తల అడ్డంగా ఊపింది.

“లేదు.”

“మూత్రంలో మంట? పంటి నొప్పి?”

“గవేం లేవు తల్లీ.”

“మంచిదమ్మా. ఒంటి మీద గాయాలు గానీ, పుండ్లు గానీ, చీము పట్టడం గానీ ఏమన్నా ఉన్నాయా? బాగా చూసి చెప్పండి, ఇది ముఖ్యం.”

సీతారాములు మొహం మీది తువ్వాల తీశాడు. అతని కళ్లు పెళ్లాం మీద నిలిచాయి. వద్దు అన్న చూపు కాదు, సరే అన్న చూపు కాదు. స్వర్ణలత పడుకున్న చోటు నుంచే తల్లి కాలి మడమ పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో తప్పిపోతానేమోనని కొంగు అట్లాగే పట్టుకునేది. చెయ్యి వేడిగా ఉంది. జ్వరం లేదన్న చెయ్యి కాలుతోంది.

“అమ్మా? వింటున్నారా?”

“వింటున్న.”

“ఉన్నాయా?”

 లోకంలో ఏ ఒకరిద్దరు తల్లులకో ఇట్లాంటి మాటకు జవాబు చెప్పే దినం వస్తుందేమో. వచ్చిన తల్లి ఏం చెప్పి ఉంటుందో.

“లేవు” అంది. “ఏం లేవు. బిడ్డ మంచిగున్నది.”

“సరేనమ్మా. అయితే రాసుకుంటున్నాను...”

“ఉన్నయి మేడం.”

ఆ గొంతు ఫోన్లోది కాదు. ఆండాళు వెనక్కి తిరిగింది.

నరహరి గడప మీద నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకున్నాడు. మంచం నుంచి ఇక్కడికి పది అడుగుల దూరం లేదు. ఆ పది అడుగులకే వాడి పెదవులు తెల్లబడ్డాయి. ఉబ్బిన పాదాల మీద నిలబడలేక ఊగుతున్నాడు.

“పొట్ట మీద పుండున్నది. చీమున్నది. జరం సుత ఉన్నదట” అన్నాడు ఆయాసపడుతూ, మాట మాటకూ ఆగి. “రాసుకోండ్రి.”

“తమ్మీ!” అని అరిచింది స్వర్ణలత. “నీకేం ఎర్కరా! నువ్వు పోయి పండు!”

వాడు అక్క వైపు చూడలేదు. తల్లి చేతిలో వెలుగుతున్న ఫోన్‌నే చూస్తున్నాడు.

“ఒక్క నిమిషం, మాట్లాడుతున్నది ఎవరండీ?” అంది ఆ అమ్మాయి.

“నరహరిని. గా కిడ్నీ నాకే.”

ఫోన్లో కాగితాలు తిప్పిన చప్పుడు. ఎవరితోనో గుసగుస.

“లైన్లో ఉండండి. డాక్టరు గారికి ఇస్తున్నాను.”

ఫోన్లో పాట మొదలైంది. ఏదో సన్నటి వేణువు, మళ్లీ మళ్లీ అదే వరుస. ఆండాళు చెయ్యి చాచి అట్లాగే పట్టుకొని నిలబడింది. దాన్ని ఆర్పేయడానికి ఒక్క వేలు చాలు. ఆమె బొటనవేలు ఎర్ర గుర్తు మీదికి జరిగింది. సీతారాములు నేల మీది నుంచి లేచి వచ్చి, ఆ వేలిని తన చేతిలోకి తీసుకొని, గట్టిగా పట్టుకున్నాడు.